చూడవలసిన ఎమిరేట్స్... చూసేదెవరు?

నవంబరు దాటిందంటే ఇక్కడి మన తెలుగిళ్ళల్లో ఒకటే సందడి. ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో, బావమరిది పిల్లలో దిగుతారు. "ఏం చూపిద్దాం?" అంటే అందరి దగ్గరా ఒకటే జాబితా. బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్, గ్లోబల్ విలేజ్, డెజర్ట్ సఫారీ, మిరకిల్ గార్డెన్... కాస్త ఓపిక ఉంటే అబుధాబీ వెళ్ళి పెద్ద మసీదు, వచ్చే దారిలో బాప్స్ మందిరం. పది రోజులు ఇట్టే అయిపోతాయి. వెళ్ళిన వాళ్ళు ఊళ్ళో చెప్పేది కూడా ఒకటే - "అబ్బో, ఎంతెంత బిల్డింగులో!"

ఎత్తైన బిల్డింగుల మీద నాకు కోపమేమీ లేదు. 2010 జనవరి 4న తెరిచిన ఆ 828 మీటర్ల కట్టడంలో మన ఉపఖండం నుంచి వచ్చిన కూలీల చెమట చాలా ఉంది, చూసి తీరాల్సిందే. కానీ ఈ దేశమంటే దుబాయ్ షేక్ జాయెద్ రోడ్డు ఒక్కటే కాదు కదా! ఏడు ఎమిరేట్లున్నాయి. కొండలున్నాయి, వాగులున్నాయి, మూడు వేల ఏళ్ళ నాటి నీటి కాలువలున్నాయి. వీటి గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, 2025 జులైలో షార్జాలోని ఫాయా ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2011లో అల్ ఐన్ చేరిన తర్వాత ఈ దేశానికి దక్కిన రెండో గుర్తింపు అది. రెండు లక్షల ఏళ్ళ కిందట కూడా మనుషులు అక్కడ తిరిగారని తవ్వకాల్లో తేలింది. రెండోది, ఇన్నాళ్ళూ సరుకులు మాత్రమే మోసిన ఎతిహాద్ రైలు. ప్రయాణికులను ఎక్కించుకోవడం 2026లో మొదలవుతుందని ప్రకటించారు. సౌదీ సరిహద్దు దగ్గరి అల్ సిలా నుంచి ఒమన్ సముద్రం ఒడ్డున ఉన్న ఫుజైరా దాకా 11 స్టేషన్లు.

అంటే ప్రభుత్వం దృష్టి ఆకాశహర్మ్యాల నుంచి నెమ్మదిగా కొండల వైపు, పాత ఊళ్ళ వైపు మళ్ళుతోంది. కారణం ఊహించడం కష్టం కాదు. ఒక్క దుబాయ్ నగరానికే 2024లో 1 కోటి 87 లక్షల మంది పర్యాటకులు వచ్చి బస చేశారు. 2022 నవంబరులో ప్రకటించిన పర్యాటక ప్రణాళిక ప్రకారం 2031 నాటికి దేశం మొత్తం మీద హోటళ్ళలో దిగే వాళ్ళు ఏటా 4 కోట్లు కావాలి, ఈ రంగం నుంచి జాతీయాదాయానికి 45,000 కోట్ల దిర్హాములు చేరాలి. వీళ్ళందరినీ ఒకే మాల్ లో కుక్కలేరు కదా. 2020 డిసెంబరులో "ప్రపంచంలోకెల్లా చల్లని శీతాకాలం" అని ప్రచారం మొదలుపెట్టింది కూడా ఇక్కడ ఉండేవాళ్ళని చిన్న ఎమిరేట్ల వైపు కదిలించడానికే.

సరే, కదులుదాం. నన్నడిగితే మొదట అల్ ఐన్ వెళ్ళమంటాను.

దుబాయ్ నుంచి గంటన్నర, అబుధాబీ నుంచి కూడా ఇంచుమించు అంతే. దేశాన్ని కలిపి కట్టిన షేక్ జాయెద్ 1946 నుంచి 1966 దాకా ఈ ప్రాంతానికి పాలకుడిగా ఉన్నాడు. ఊరి నడిబొడ్డున ఒయాసిస్సు ఉంది, 1,47,000 పైగా ఖర్జూరపు చెట్లు. టిక్కెట్టు లేదు. లోపల సన్నటి బాటలు, అటూ ఇటూ మట్టి గోడలు, పక్కనే కాలువలో నీళ్ళు. బయట 45 డిగ్రీలున్నా లోపల మన కోనసీమ కొబ్బరి తోటలో నడుస్తున్నట్టే ఉంటుంది.

ఆ నీళ్ళు ఎక్కడివో తెలుసుకుంటేనే అసలు మజా. వాటిని "ఫలజ్" అంటారు. కొండ పాదాల దగ్గర లోతున ఉన్న నీటి ఊటని పట్టుకుని, భూమి లోపలే కాస్త వాలుగా సొరంగం తవ్వి, మైళ్ళ దూరం తెచ్చి తోటల్లోకి వదులుతారు. మోటారు లేదు, ఏతం లేదు, మోట కూడా లేదు. వాలు ఒక్కటే చేస్తుంది పనంతా. అల్ ఐన్ లోని హిలీ దగ్గర బయటపడిన ఫలజ్ దాదాపు మూడు వేల ఏళ్ళ నాటిది. నీళ్ళు తోటకి చేరాక ఎవరికి ఎంతసేపు అన్నది వంతు. మా వైపు చెరువు కింద నీరటి ఎలా తూము తీసి, మడి మడికీ వంతు పెట్టి నీళ్ళు వదిలేవాడో అచ్చం అదే లెక్క. కాకతీయుల చెరువులు చూసి పెరిగిన వాడికి ఈ కాలువ పక్కన నిలబడితే గైడు అవసరం లేదు. యునెస్కో 2021లో మన రామప్ప గుడిని గుర్తించినప్పుడు మనం ఎంత పొంగిపోయాం! రామప్పకి గుడితో పాటు చెరువు ఎలాగో, అల్ ఐన్ కి కోటతో పాటు ఫలజ్ అలాగ.

అదే హిలీలో రాతి సమాధులున్నాయి, సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటివి. ఆ కాలం సమాధుల్లో హరప్పా వైపు నుంచి వచ్చిన ఎర్ర పూసలు, కుండలు దొరికాయి. మెసపొటేమియా పలకల మీద "మగన్" అని రాసింది ఈ ప్రాంతాన్నీ ఒమన్ నీ కలిపి, "మెలూహ" అన్నది సింధూ ప్రాంతాన్ని అని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఇక్కడి నుంచి రాగి పోయేది, అక్కడి నుంచి పూసలు వచ్చేవి. మన వాళ్ళు ఇక్కడికి రావడం ఎనభైల్లో మొదలైందనుకునే వాళ్ళు ఒకసారి ఈ సంగతి ఆలోచించాలి!

వీలుంటే 1890లలో కట్టిన అల్ జాహిలీ కోట కూడా చూడండి. జబల్ హఫీత్ కొండ మీదకి రోడ్డు బాగుంటుంది, సాయంత్రం పూట వెళ్ళడం మంచిది.

ఇక రెండోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, రస్ అల్ ఖైమాలోని జజీరత్ అల్ హమ్రా. పేరుకి అర్థం ఎర్ర ద్వీపం. నిజానికి అదొక పాడుబడ్డ ఊరు. పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, మసీదులు, ఒక కోట, గాలి గోపురం - అన్నీ అలాగే ఉన్నాయి, మనుషులు లేరు. 1960లలో ఊరు ఖాళీ అయింది. దయ్యాలున్నాయని కుర్రాళ్ళు రాత్రిళ్ళు వెళ్ళి వీడియోలు తీస్తుంటారు, వాళ్ళని పక్కన పెట్టండి. అది ముత్యాల కోసం మునిగేవాళ్ళ ఊరు.

ఆ పని ఎలా ఉండేదో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. వేసవిలో నాలుగు నెలలు పడవ మీదే బతుకు. ముక్కుకి ఒక పట్టీ, కాలికి రాయి కట్టుకుని అడుగుకి దిగాలి. ఊపిరి బిగబట్టి దొరికినన్ని చిప్పలు ఏరుకుని తాడు లాగితే పైనున్న వాడు పైకి లాగాలి. రోజుకి అలా ఎన్నోసార్లు. సీజను మొదట్లో ఇంటి ఖర్చులకి పడవ యజమాని దగ్గర బయానా తీసుకోవాలి. సీజను చివర లెక్క చూస్తే అప్పు తీరదు, మళ్ళీ ఏడాది అదే పడవ ఎక్కాలి. తండ్రి పోతే ఆ అప్పు కొడుక్కి వచ్చేది. జపాను వాళ్ళు ముత్యాలను పెంచడం నేర్చి బజారులో పెట్టాక, 1930 ప్రాంతంలో ప్రపంచమంతా మాంద్యం వచ్చాక ఈ వ్యాపారం కుప్పకూలింది. 1960ల్లో ఇక్కడ చమురు పడ్డాక మిగిలిన వాళ్ళు కూడా పట్నాలకి తరలిపోయారు.

ఇక్కడి ముత్యాలు ఎక్కడికి పోయేవనుకుంటున్నారు? ఎక్కువ భాగం బొంబాయికి. అక్కడి నుంచి రాజులకీ, నవాబులకీ. హైదరాబాదు పత్తర్ గట్టీలో "బసరా ముత్యాలు" అని మన అమ్మమ్మలు మురిసిపోయి కొనుక్కున్నవి ఈ గల్ఫ్ నీళ్ళల్లో మునిగిన వాళ్ళు తెచ్చినవే. 1966 దాకా ఇక్కడ చెల్లుబాటైన డబ్బు కూడా మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం ప్రత్యేకంగా మన రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చు వేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించడంతో వీళ్ళు దాన్ని వదిలేశారు. దిర్హాము వచ్చింది 1973లో.

మునిగేవాడు, బయానా, తీరని అప్పు... ఇది చదువుతుంటే మీకు జగిత్యాలో, సిరిసిల్లో గుర్తు రావడం లేదూ? ఏజెంటుకి కట్టడానికి మిత్తికి తెచ్చిన డబ్బు, మొదటి రెండేళ్ళ జీతం ఆ మిత్తికే పోవడం, సెలవు మీద ఇంటికి పోయి మళ్ళీ అప్పు చేసి తిరిగి రావడం. ఆ ఊరి గోడల మధ్య నిలబడితే ఎక్కువగా అర్థమయ్యేది మనలాంటి ఆఫీసు ఉద్యోగస్థులకి కాదు, సోనాపూర్ క్యాంపులో ఉండే తెలంగాణ తమ్ముడికి. కానీ అతను ఆ ఊరు చూడడు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

తూర్పు తీరం గురించి త్వరగా చెప్పేస్తాను. ఫుజైరాలో అల్ బిదియా మసీదు ఉంది, 1446 నాటిదని పురావస్తు శాఖ లెక్క. మన ఊళ్ళో చిన్న రామాలయం అంత కూడా ఉండదు. ఒకే ఒక స్తంభం మీద నాలుగు చిన్న గుమ్మటాలు. కట్టెముక్క వాడకుండా రాయి, మట్టితో కట్టారు. అక్కడి నుంచి దగ్గరే ఖోర్ ఫక్కాన్, అది షార్జాకి చెందింది. 1507లో పోర్చుగీసు వాళ్ళు వచ్చి ఈ రేవుని తగలబెట్టారు. దారిలో ఒక వింత - మధా అనే ఊరు ఒమన్ దేశానిది, చుట్టూ ఎమిరేట్స్ భూమి. ఆ ఒమన్ ఊరి లోపల నహ్వా అనే ఊరు మళ్ళీ షార్జాది! ఉల్లిపాయ పొరల్లాగా. హత్తా అయితే దుబాయ్ కే చెందిన కొండ ఊరు, నగరానికి 130 కిలోమీటర్ల దూరం. డ్యాము, పాత ఊరు, 1880ల నాటి కాపలా బురుజులు. జబల్ జైస్ సుమారు 1,900 మీటర్ల ఎత్తు, చలికాలం రాత్రి స్వెట్టరు లేకుండా వెళ్ళకండి.

వాగుల దగ్గర మాత్రం జాగ్రత్త. 2022 జులైలో ఫుజైరాలో, 2024 ఏప్రిల్ 16న దేశమంతటా కురిసిన వానలు గుర్తున్నాయి కదా. మన వాళ్ళకి వాన అంటే సరదా, వాగు పారుతుంటే కారాపి సెల్ఫీ కావాలి. ఎక్కడో కొండల్లో పడిన వాన మనం నిలబడ్డ చోటికి క్షణాల్లో వస్తుంది. పారుతున్న వాగులోకి కారు దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు అని 2023లో నిబంధన తెచ్చారు. మంచి పని చేశారు.

అబుధాబీ సంగతి అందరికీ తెలిసిందే. 2007లో తెరిచిన షేక్ జాయెద్ మసీదుకి ప్రవేశం ఉచితం. అందులో వాడిన పాలరాళ్ళలో మన రాజస్థాన్ మక్రానా రాయి కూడా ఉంది. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన బాప్స్ మందిరం కూడా ఉచితమే. ఏడు శిఖరాలు, ఏడు ఎమిరేట్లకి గుర్తు. లోపల పద్మావతీ సమేత వేంకటేశ్వరుడున్నాడు, అయ్యప్ప కూడా ఉన్నాడు. అందుకే మాలధారణ రోజుల్లో మన వాళ్ళ రద్దీ.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పిన వాటిలో అల్ ఐన్ ఒయాసిస్సు, జజీరత్ అల్ హమ్రా, బిదియా మసీదు, రెండు ప్రార్థనా స్థలాలు - దేనికీ టిక్కెట్టు లేదు. అంటే అందరివీ అనుకుంటాం. అలా కాదు.

ఒక లెక్క వేద్దాం. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ కి వెళ్ళే కార్మికుల కనీస వేతన సిఫార్సుని తగ్గించి, ఎమిరేట్స్ కి 200 డాలర్లు చేసింది. గల్ఫ్ కార్మిక సంఘాల వాళ్ళు గొడవ చేసి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళాక 2021 జులైలో వెనక్కి తీసుకుంది. 200 డాలర్లంటే 734 దిర్హాములు. నెలకి 26 పని దినాలనుకుంటే రోజుకి 28. ఆ లెక్కన బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కే టిక్కెట్టు అయిదారు రోజుల కూలీ! సరే అది వద్దు, ఉచితమైన అల్ ఐన్ కే వెళతాడనుకోండి. ఊరి నుంచి ఊరికి వెళ్ళే బస్సు ఛార్జీ పాతిక దిర్హాముల చుట్టుపక్కల, రానూ పోనూ యాభై. రెండు రోజుల కూలీ పోయింది. క్యాంపు నుంచి బస్ స్టేషనుకి చేరడం, తిండి, ఇవన్నీ వేరు. జజీరత్ అల్ హమ్రాకీ, బిదియాకీ కారు లేనిదే వెళ్ళడం గగనం. వారానికి ఒక్క రోజు సెలవు, ఆ రోజు బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా కూర వండుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చేయాలి.

కాబట్టి ఉచితం అన్న మాట కారున్న వాడికే ఉచితం. రైలు వస్తే మారుతుందా? కొంత మారుతుంది. కానీ ప్రకటించిన 11 స్టేషన్ల జాబితాలో అల్ ఐన్ పేరు లేదు, రస్ అల్ ఖైమా పేరూ లేదు. నేను చెప్పిన రెండు మంచి చోట్లూ రైలుకి దూరమే. ఫుజైరాకి వెళ్ళే రైలు ఛార్జీ సామాన్యుడికి అందుబాటులో ఉంటే, దీనివల్ల మన కార్మికులకి జరిగే పెద్ద మేలు అదే అవుతుంది. అందకపోతే అది మరో సఫారీ.

మన పల్లెల్లో "విజిట్" అన్న మాటకి వేరే అర్థముంది, గమనించారా? నిజామాబాద్ జిల్లాలో "మావోడు విజిట్ మీద పోయిండు" అంటే ఏదో చూడ్డానికి వెళ్ళాడని కాదు. ఏజెంటు పర్మిట్ వీసా అని చెప్పి డబ్బు తీసుకుని, విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కించాడని. పర్యాటకుడి పేరుతో దిగిన వాడు ఏ ఒక్క చోటూ చూడడు, పైగా పోలీసు కనపడితే పక్క సందులోకి తిరుగుతాడు. గడువు దాటితే రోజుకి 50 దిర్హాముల జరిమానా. 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఇచ్చిన ఆమ్నెస్టీలో బయటపడిన వాళ్ళలో ఇలాంటి వాళ్ళు ఎంతోమంది. విజిట్ వీసా మీద పని చేయించుకునే యజమానులకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా అని 2024 ఆగస్టులో చట్టం మార్చారు. ఇక్కడి ప్రభుత్వం యజమానిని పట్టుకుంటోంది, మన ఊళ్ళో ఏజెంటుని ఎవరు పట్టుకుంటారు? పర్యాటకుల లెక్కలో ఎంతమంది ఇలాంటి "విజిట్" తమ్ముళ్ళో ఎవరూ విడదీసి చెప్పరు.

మన ప్రభుత్వాలకి గల్ఫ్ కార్మికుడు గుర్తొచ్చేది రెండు సందర్భాల్లో - ఇరుక్కున్నప్పుడు, చనిపోయినప్పుడు. గల్ఫ్ లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి 5 లక్షల ఎక్స్ గ్రేషియా ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది, సంతోషం. బతికున్న వాడి సెలవు రోజు గురించి మాత్రం ఏ మేనిఫెస్టోలోనూ ఉండదు. అది వాళ్ళ పని కాదు కూడా. అది మన పని, అంటే ఇక్కడి సంఘాల పని.

మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకి బ్రహ్మాండంగా చేస్తాయి. సినిమా వాళ్ళని పిలుస్తాం, సన్మానాలు చేస్తాం, శాలువాలు కప్పుతాం. ఏటా ఒక పిక్నిక్ కూడా ఉంటుంది, దానికి వచ్చేది కార్లున్న కుటుంబాలు. క్యాంపులకి వెళ్ళి దుప్పట్లు, ఇఫ్తార్ పొట్లాలు పంచి ఫోటోలు దిగుతాం. అవీ కావలసినవే. కానీ దుప్పటి ఇచ్చేటప్పుడు అతను పుచ్చుకునే వాడు, మనం ఇచ్చే వాళ్ళం. అదే ఒక బస్సు మాట్లాడి అల్ ఐన్ తీసుకెళ్ళి ఫలజ్ పక్కన నిలబెడితే, నీటి వంతుల గురించి మాట్లాడేది అతను, వినేది మనం. నేనూ, మరికొందరు మిత్రులూ ఒకసారి ఇలా వెళ్ళాం. మెట్ పల్లి దగ్గరి పెద్దాయన ఒకాయన, ఇక్కడ పధ్నాలుగేళ్ళ నుంచి ఉన్నాడు, వంగి కాలువలో చెయ్యి పెట్టి, "వాలు మంచిగ పట్టిన్రు సార్" అన్నాడు. ఆ తర్వాత ఒక అరగంట సేపు వాళ్ళ ఊరి చెరువు, దాని తూములు, నీరటి కుటుంబం, బోర్లు వచ్చాక కాలువలు ఎలా పూడిపోయాయో చెప్పుకొచ్చాడు. పధ్నాలుగేళ్ళలో ఆయన చూసిన ఎమిరేట్స్ అంటే క్యాంపు, సైటు, మధ్యలో కంపెనీ బస్సు కిటికీ!

ఇలాంటిది చేయాలనుకునే వాళ్ళకి అనుభవం మీద నాలుగు మాటలు. నవంబరు నుంచి మార్చి లోపే పెట్టుకోండి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని 2005 నుంచి నిబంధన ఉంది, ఆ ఎండలో మనం షికారు పెట్టుకోకూడదు కదా. ఆదివారం సెలవున్న కంపెనీలు, శుక్రవారం సెలవున్న కంపెనీలు రెండూ ఉన్నాయి, క్యాంపు బాస్ తో ముందే మాట్లాడుకుని రోజు ఖాయం చేయండి. ఒక బస్సు అద్దెని కార్లున్న నలభై కుటుంబాలు పంచుకుంటే మనిషికి పడేది ఒక బిర్యానీ ఖర్చు. ఎమిరేట్స్ ఐడీ అందరి జేబులో ఉండేలా చూడండి. దారిలో ఎక్కడా ఆడవాళ్ళనీ, తెలియని వాళ్ళనీ ఫోటోలు తీయొద్దని బస్సెక్కే ముందే చెప్పండి, ఇక్కడ అది కేసు అవుతుంది. బాప్స్ మందిరం సోమవారం మూసి ఉంటుంది. మందిరానికీ మసీదుకీ రెండింటికీ ముందుగా ఆన్ లైన్ లో పేర్లు నమోదు చేయాలి, ఆ పని మన పిల్లలకి అప్పచెప్పండి.

ఇక దుబాయ్ లోనే ఉండి ఎక్కడికీ కదలలేని వాళ్ళకి ఒకటుంది. దేరా నుంచి బర్ దుబాయ్ కి క్రీక్ దాటించే అబ్రా పడవ. ఒకప్పుడు యాభై ఫిల్స్, తర్వాత ఒక దిర్హాము చేశారు. అయిదారు నిమిషాల ప్రయాణం. సాయంత్రం వేళ నీళ్ళ మీద గాలి, ఒక పక్క సరుకు దించుకునే పాత పడవలు, ఇంకో పక్క గాలి గోపురాలు. అవతలి ఒడ్డుకి దిగి అల్ ఫహీదీ సందుల్లో గంట సేపు ఊరికే తిరగొచ్చు, ఎవరూ డబ్బడగరు. ఒకే బల్ల మీద కోటు వేసుకున్న తెల్లవాడూ, నీలం యూనిఫాం వేసుకున్న మన సిరిసిల్ల తమ్ముడూ పక్కపక్కన కూర్చుని వెళ్ళే చోటు ఈ నగరంలో నాకు తెలిసి అదొక్కటే.